దెయ్యం చేతి వాచీ

తాళాలు బాగుచేసే మావయ్య బీరువాకు మూడు తాళాలు. లోపల బంగారమేమీ లేదు. ఎవరూ చూడని పాత దెయ్యాల సినిమాల క్యాసెట్లు నూట పన్నెండు ఉన్నాయి. వాటిలో ఒకదానికి లోకంలో మరో కాపీ లేదు. దాని గొప్పతనమల్లా ఒక్కటే. మూడొందల ఏళ్ల కిందట చచ్చిన దెయ్యం చేతికి వాచీ ఉంటుంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు మూసి, ఆరుగురు మిత్రులతో మావయ్య ఆ సినిమా వేస్తాడు. దెయ్యం చెయ్యెత్తగానే అందరూ "టైమెంతమ్మా?" అని అరవాలి. పదిహేనేళ్లుగా అదే రివాజు.

ఈసారి కొత్తల్లుడూ వచ్చి కూర్చున్నాడు. పెళ్లి వీడియోలకు మెరుగులు దిద్దడం అతని పని.

దెయ్యం చెయ్యెత్తింది.

"టైమెం..."

గొంతులు సగంలో ఆగిపోయాయి. మణికట్టు బోసిగా ఉంది!

"ఎలా ఉంది మావయ్యా?" అల్లుడి మొహం వెలిగిపోయింది. "అత్తయ్యనడిగి తాళంచెవులు తీసుకున్నా. వారం కూర్చుని వాచీ చెరిపేశా. సినిమాలో ఎగిరే గబ్బిలానికి కట్టిన దారం కూడా!"

"మరి... పాతది?"

"ఆ క్యాసెట్టు మీదే ఎక్కించేశా. కంప్యూటర్లో ఉన్నదీ తీసేశా, చోటు చాలక."

మావయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. గుమ్మంలోంచి భార్య కళ్లెర్రజేసింది. "అల్లుణ్ణి ఒక్క మాటన్నారో..."

"నేనేమన్నానే! నా కొంప మునిగిందని నాలో నేను ఏడుస్తున్నా."

సినిమా నడుస్తూనే ఉంది. దెయ్యం అద్దం ముందుకొచ్చింది. చెయ్యి బోసిగానే ఉంది.

అద్దంలోని చేతికి మాత్రం వాచీ ఉంది.

ఎవరూ నవ్వలేదు. మిత్రుల్లో పెద్దవాడైన పళ్ల డాక్టరు కాళ్లు రెండూ కుర్చీ మీదికి ముడుచుకున్నాడు. మావయ్య కుర్చీని టీవీకి దూరంగా జరుపుకున్నాడు. పదిహేనేళ్లలో ఆ దెయ్యాన్ని చూసి ఒక్కడూ జడిసింది లేదు!

"మళ్లీ వెయ్యవయ్యా," డాక్టరు గొణిగాడు. "ముందు ఆ లైటు వెయ్యి."

"అయ్యయ్యో, అద్దంలోది మర్చిపోయా!" అల్లుడు గబుక్కున లేచాడు. "అరగంటలో చెరిపేస్తా మావయ్యా."

ఏడుగురూ ఒక్క ఉదుటున లేచి వీసీఆర్‌కు అడ్డంగా నిలబడ్డారు.

"అల్లుడు గారూ," మావయ్య చేతులు జోడించాడు, "మీకు పుణ్యముంటుంది. దాని జోలికి మాత్రం పోకండి."

ఆ మాటనేసి, నాలుగో తాళం తేవడానికి దుకాణానికి పరుగెత్తాడు.