పసుపు ఆగిన చోటు

కారు కంపెనీ బాబులూ, బండి చెడితే పసుపునీళ్ళు చల్లిన ఇల్లాలిదా తప్పు? వారంటీ ముగిసి పంతొమ్మిది రోజులైందని వేళ్ళు మడిచి లెక్క చెప్పారే, అంతకుముందు రెండుసార్లు అదే బండి అదే రోగంతో మీ షోరూంకి వస్తే "అంతా నార్మల్" అని తోలేసిందెవరయ్యా? మీరే. ఇంజను మీద పసుపు కనబడగానే ఫోటో తీసుకుని "కస్టమర్ వల్ల నీరు చేరింది" అని రాసిందీ మీరే. లోపల ఏముందో చూడనిదీ మీరే. చూసినవాడు అనకాపల్లిలో బంగార్రాజు.

పొద్దున్న పదింటికి బైపాసు పక్క రేకుల షెడ్డులో బంగార్రాజు ఆ బండిలోంచి తీసిన పెట్టె ముందు కూర్చున్నాడు. అరచేతిలో ఇమిడే నల్లపెట్టె. కారు గేరు ఎప్పుడు మారాలో చెప్పే కంప్యూటర్ అది. దాని మూత చుట్టూ గట్టిగా అంటుకున్న గమ్మును సన్నబ్లేడుతో కోస్తున్నాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. కుడిచేతి బొటనవేలికి సగం గోరే ఉంది. మిగతా సగం ఎప్పుడో ఒక ట్రాక్టరు బెల్టు తినేసింది. చూపుడువేలి చివర టంకం కాలి కాలి ఎంత బండబారిందంటే, వేడి అన్నం కలిపినా ఆ వేలికి తెలియదు.

రోలుగుంటలో ఐదో తరగతితో చదువు ఆగింది. చెరకు గానుగ మోటార్లు బాగుచేసేచోట నిలబడి చూశాడు. ఆ తర్వాత ట్రాక్టర్లు, ఆ తర్వాత కార్లు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. "సూడనిచ్చినోళ్ళందరికీ దండం బాబూ" అంటాడు, అదే పెద్ద చదువన్నట్టు. సర్టిఫికెట్ లేదు. కంపెనీ లెక్కలో అతను మెకానిక్కే కాదు.

"ఆలోసించుకో అల్లుడూ" అన్నాడు బ్లేడు ఆపి. "ఇది ఇప్పీసేనంటే బైటోడు ముట్టుకున్నాడంటారు. మళ్ళీ నీ మాట ఇనరు."

"ఇప్పుడు మాత్రం ఇంటన్నారేటి మామా?" అన్నాడు కారు తోలే కన్నబాబు. మునగపాక మనిషి, ఆ ఒక్క కారే వాళ్ళింటికి అన్నం. "నాలుగు కంప్లైంట్లు పెట్టేను. పెట్టినప్పుడల్లా 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజీ. ఎవుడికి అయినాదో తెల్దు."

"ఆళ్ళకి అయ్యుంటాది."

కన్నబాబు నవ్వలేదు. "రేపు పొద్దున్న మా ఊరి దేముడమ్మప్పని డయాలసిస్‌కి విశాఖపట్నం తీసుకెళ్ళాల. మొన్న లంకెలపాలెం కాడ గేరు పడక నడిరోడ్డు మీద ఆగిపోతే, ముసిల్ది ఎండలో గంట కూకుంది. ఇప్పీ మామా."

మూత ఊడింది. బంగార్రాజు పెట్టెను వెలుగువైపు తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత బల్లమీద పెట్టి, "మీ ఆడమనిసిని రమ్మను" అన్నాడు.

"ఆవిడెందుకు మామా? అసలే తిండి తింటం నేదు."

"అందుకే. మూసేముందు సూపించాల."

అతని పద్ధతే అంత. ఇంట్లో వాళ్ళకి చూపించకుండా ఏ పెట్టే మూయడు.

కన్నబాబు భార్య రామతులసి ఆటోలో వచ్చింది గానీ షెడ్డు బయటే నిలబడిపోయింది. ప్రతి శుక్రవారం బానెట్ ఎత్తించి ఇంజను మీద పసుపునీళ్ళు చల్లింది ఆమే. అన్నం పెట్టే బండి కదా! షోరూంలో అడిగితే దాచకుండా చెప్పిందీ ఆమే. ఆ మాటే పట్టుకుని వాళ్ళు కాగితం రాశారు. అప్పట్నుంచీ ఆమె బండి మీద చెయ్యి వెయ్యలేదు, ఇంట్లో దీపం పెట్టలేదు.

"ఇలా రా తల్లీ. ఇది మూత. ఇదుగో నీ పసుపు. ఇది రబ్బరు. సూసేవా, పసుపు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోనాది. ఇప్పుడు లోపలి గోడకి ఏలు రాయి."

ఆమె భయపడింది. అతను తొందరపెట్టలేదు. చివరికి వేలు లోపలికి పెట్టి, రాసి, బయటికి తీసి చూసుకుంది. తడి లేదు. పసుపు లేదు.

"మరేటి సెడిపోనాది మావయ్యా?"

భూతద్దం చేతికిచ్చాడు. ఆవగింజంత టంకం చుక్క, దాని చుట్టూ వెంట్రుకంత బీట. "ఇది ఫేక్టరీలో ఏసింది. సరిగా అతకనేదు. ఇంజను ఏడికి ఉబ్బి, సల్లారి, బీట తీసింది. ఈ ఏడాది ఐదు బళ్ళలో ఇదే బీట సూసేను."

"ఆళ్ళూ పసుపు సల్లేరా?"

"అందులో ఒకాయన పాస్టరు గారమ్మా!"

రామతులసి నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకద్దుకుంది. కన్నబాబు పక్కకి తిరిగి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

బంగార్రాజు పాత టంకం తీసి కొత్తది వేశాడు. పెట్టె మూసి బండికి బిగిస్తే గేర్లు వరసగా పడ్డాయి. రామతులసి వంగి కాళ్ళు ముట్టబోతే వెనక్కి జరిగాడు. "నాకెందుకమ్మా? గేరు పడింది, అదే మేలు. మునగపాక దాకా తోలి రండి."

వాళ్ళు వెళ్ళాక భార్య చిన్నమ్మలు తెచ్చిన అన్నం తిన్నాడు. వంకాయ బాగుందన్నాడు. షెడ్డు మూలనున్న పాత కారు సీటు మీద ఒరిగాడు.

మూడింటికి బండి ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చింది. చిన్నమ్మలు ఆ సీటు పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఆమె చెయ్యి అతని పాదం మీద ఉంది.

"నిద్రోయేడనుకున్నాను బాబూ" అంది. "లెమ్మని రెండుసార్లు పిలిసేను."

మర్నాడు తెల్లవారి కన్నబాబు బండి తియ్యనన్నాడు, పాడె మోసేవాళ్ళలో ఉంటానన్నాడు. చిన్నమ్మలు గుమ్మంలోకి వచ్చి కసిరింది. "ఆయన బాగుసేసిన బండిని ఇంటికాడ ఆపుతావేటి? ముసిల్దాన్ని ఎక్కించుకుని ఎల్లు."

వెళ్ళాడు. దేముడమ్మ వేళకి ఆసుపత్రి చేరింది. బంగార్రాజుని తలుచుకుని దారంతా దండం పెడుతూనే ఉంది. రామతులసి ఇంట్లో దీపం వెలిగించింది.

మా దండాలు బంగార్రాజుకి. మీతో మాత్రం పని మిగిలే ఉంది. ఆ బీట ఉన్న బండి ప్రతిదాన్నీ వెనక్కి పిలవండి. వారంటీ తేదీ చూడకుండా పెట్టె మార్చండి. రామతులసి తప్పు లేదని తెలుగులో కాగితం రాసి, ఆమె ఇంటికి పట్టుకెళ్ళి ఇవ్వండి. అంతకన్నా ముందు అనకాపల్లి రండి. అతని బల్ల మీద రావికమతం నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఇంకో నల్లపెట్టె ఉంది, మూత ఇంకా కొయ్యలేదు. దాన్ని మీరే విప్పండి, దాని యజమానిని పక్కన నిలబెట్టుకుని.