జవాబు రాని మెషీన్

ఆనకట్ట ఆఫీసులో మెషీన్ పొద్దున పిడుగుకి మాడిపోయింది. వాన తెరిపివ్వలేదు. పైనుంచి వరద ఎంత వస్తుందో, దిగువ వీధిని ఎప్పుడు ముంచుతుందో లెక్క కట్టేది ఆ మెషీనే. ఆ లెక్క రాసింది చిన్ని. దిగువ వీధిలోనే ఆమె అక్క ఉంది, చంటిపిల్లాడితో.

పక్క కాలేజీ వాళ్ళ మెషీన్ అరువు అడిగి, తన ల్యాప్‌టాప్ నుంచి లెక్కను అందులోకి ఎక్కించింది. మొదలైందో లేదో, అది కాస్తా బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు.

అక్క ఫోన్ చేసింది.

"ఏమే చిన్నీ, నీ మెషీన్ ఏమంటోంది? మంచం మీద మంచం ఎక్కించనా, మూట కట్టనా?"

"ఇంకా ఏమీ అనలేదక్కా."

"అయితే మీ బావకు తమ్ముడే. ఆయనా ఏమీ అనలేదంటే సరేనన్నట్టు."

చిన్నికి నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేసి, తను రాసిన ప్రోగ్రామ్ మొదట్నుంచి చదివింది. అది లెక్క మొదలుపెట్టే ముందు మెషీన్‌ను ఒక మాట అడుగుతుంది, నీలో ఎన్ని ప్రాసెసర్లున్నాయని. ప్రాసెసర్లంటే పని చేసే చేతులనుకోండి. ఎన్ని చేతులుంటే పనిని అన్ని వాటాలు వేస్తుంది. పాత మెషీన్ అడగ్గానే చెప్పేది. ఇదీ ఆ వంశంలోదే గానీ దీని మాట వేరు. ఆ ప్రశ్న దీనికి తెలియదు, ఊరుకుంది. జవాబు ఉండాల్సిన చోట ఖాళీ. ఖాళీ అంటే హద్దు లేదనుకుని, చిన్ని ప్రోగ్రామ్ వేల వాటాలు ఒక్కసారే మెషీన్ నెత్తిన కుమ్మరించేసింది.

చిన్ని కాలేజీకి ఫోన్ చేసి మెషీన్ ఆపించి, మళ్ళీ వేయించింది. ప్రోగ్రామ్ దిద్దింది. ఒక రకంగా అడుగు. పలక్కపోతే ఇంకో రకంగా అడుగు. ఎలా అడిగినా పలక్కపోతే, ఒక్కటే ఉందనుకో. ఈసారి మెషీన్ పలికింది, పదహారని. ఆమె చెయ్యి ఆగింది. ఉన్నవి పదహారే గానీ కాలేజీ వాళ్ళు తనకు వదిలినవి నాలుగు. ఉన్నవి కాదు, తనకిచ్చినవెన్నో అడిగేలా మళ్ళీ మార్చింది. లెక్క కదిలింది. నత్తలా కదిలింది.

కిటికీ దగ్గర ఇంజనీరు గారు గడ్డం గోక్కుంటున్నాడు. వీధి ఖాళీ చేయించే సైరన్ వేయాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది.

"లెక్క వచ్చేదాకా ఆగక్కర్లేదండి, సైరన్ వేసేయండి," అంది.

"లెక్క లేకుండా ఎలా వేస్తానమ్మా? వీధంతా ఖాళీ చేయించి, తీరా నీళ్ళు రాకపోతే నా మొహాన ఉమ్మేస్తారు. మెషీన్ ఏమీ చెప్పలేదంటే ముప్పు లేదనే అనుకుందాం."

"నేనూ ఇందాక అదే అనుకుని ఆ మెషీన్ పీక పిసికానండి. జవాబు రాకపోతే పర్లేదని కాదు. ఏమీ తెలియలేదని."

"తెలియనప్పుడు?"

"చెడ్డదే పట్టుకోవాలి."

ఆయన ఆమె వైపు చూశాడు, లెక్క ఎంతవరకు వచ్చిందో చూపుతూ తెర మీద పాకుతున్న గీత వైపు చూశాడు. వెళ్ళి సైరన్ నొక్కాడు.

లెక్క ఆ తర్వాత ఎప్పటికో తేలింది. చీకటి పడేలోపే దిగువ వీధిలో నడుము లోతు నీళ్ళొస్తాయంది. ఇంజనీరు గారు చదివి, కుర్చీలో కూలబడ్డాడు.

చిన్ని అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుంది. మోగుతోంది, మోగుతోంది.

"ఏంటే," అంది అక్క, ఆయాసపడుతూ. "గుట్ట ఎక్కుతున్నాం. పిల్లాడు చంకలో, మూట నెత్తిన. మాట్లాడించకు."