దత్తు టెస్ట్‌వార్ వెంట ఎవరున్నారు

పొద్దున తొమ్మిదిన్నరకి రాజం చొక్కా కొసతో కీబోర్డు మీది బొగ్గుపొడి తుడిచి, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో మింగి, లోకంలో లేని రోగిని ఆసుపత్రిలో చేర్చుకున్నాడు.

రోగి పేరు దత్తు టెస్ట్‌వార్. మహారాష్ట్రలోని ఈ బొగ్గుగనుల ఊరు చంద్రపూర్‌లో తెలుగువాళ్ల ఇంటిపేర్ల చివర ‘వార్’ ఉంటుంది కదా అని రాజమే అతికించాడు. ఆసుపత్రికీ, నాగపూర్‌లో బీమా క్లెయిములు చూసే ఆఫీసుకీ మధ్య స్టాంపు కాగితాల మీద ఒప్పందం ఉంది. అసలు రోగుల వివరాలు కంప్యూటర్లో పంపేముందు రోజూ ఒక ఉత్తుత్తి రోగిని పంపి చూడాలి. అవతలివాళ్లు గంటలోగా ‘అందింది’ అని జవాబివ్వాలి. ఈ పనికి రెండువైపులా ఒక్కో మనిషి పేరు ఆఖరి పేజీలో రాసి ఉంటుంది. ఇటు ఆసుపత్రి గుమాస్తా రాజం. అటు హేమలత. పెద్దలు సంతకాలు గీకి మరిచిపోయిన ఆ కాగితాన్ని తొమ్మిదేళ్లుగా మనసుపెట్టి పాటిస్తున్నది వీళ్లిద్దరే.

రాజానికి యాభై ఎనిమిది. పొట్ట దగ్గర చొక్కా గుండీ ఎప్పుడూ ఊడే ఉంటుంది. కుట్టిచ్చేవాళ్లు లేరు, కుట్టుకునే బుద్ధి లేదు. పెళ్లి వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటుండగానే నెత్తి బోడి అయింది. తల్లి సత్తమ్మ పోయాక అతనుండే ఒంటి గదిలో తెలుగు మాట్లాడేది అతనొక్కడే, అదీ కుక్కర్‌తో.

హేమలత మొదటిసారి ఫోన్ చేసినప్పుడు రోగికి రోగమే రాయలేదని హిందీలో కసురుకుంది. రాజం హిందీ విని రెండో మాటకే తెలుగులోకి దిగింది. “మీరు మనోళ్లే గదా! గా హిందీ ఏంది, గడ్డపారతోని తవ్వినట్టు?” ఆమెది చంద్రపూర్ దగ్గరి రాజురా పక్క పల్లె.

ఇక దత్తుకి రోగాలే రోగాలు. పులి తరిమితే మోకాలిచిప్ప జరిగింది. గొంతులో చేపముల్లు ఇరుక్కుంది. ఒకరోజు రాజం తెర మీద ఒక గడికి బదులు ఇంకో ఖానా నొక్కి అతన్ని కాన్పు వార్డులో చేర్చాడు. “ఆడపిల్ల పుడ్తే నా పేరే పెట్టాలె, లేకుంటే క్లెయిమ్ పాస్ చెయ్య” అని జవాబొచ్చింది. తెలుగు బడి మొహం ఇద్దరూ చూడలేదు. తెలుగు మాటల్నే మరాఠీ అక్షరాల్లో రాసుకునేవాళ్లు. మధ్య మూడు గంటల బస్సు దూరం. ఒక్కసారీ కలవలేదు.

రెండు వారాల కింద, ఒక శుక్రవారం, రాజం బుద్ధి గడ్డి తిన్నది. దత్తు రికార్డులో ‘వెంట ఉండేవారు’ అనే ఖానా తొమ్మిదేళ్లూ ఖాళీగానే ఉంది. అందులో ‘హేమలత’ అని కొట్టి పంపాడు. ‘అందింది’ అని పొడిగా వచ్చింది. ఆ తర్వాత ప్రతిరోజూ అంతే. ఫోన్ చేయడానికి ధైర్యం చాలలేదు. ఆసుపత్రిలో నర్సుల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరినీ ఆటపట్టించే మనిషి, రెండు వారాలుగా కూరలో ఉప్పు మరిచిపోతున్నాడు.

ఇవాళ దత్తు జబ్బు ఖానాలో ‘నోటిదూల. మందు: చెప్పుదెబ్బ’ అని రాసి పంపాడు. జవాబు మళ్లీ అంతే: అందింది.

పదకొండింటికి కొరియర్‌లో లావుపాటి కవరొచ్చింది. రెండేళ్లకోసారి వచ్చే కొత్త ఒప్పందం. రాజం ముందు ఆఖరి పేజీ తిప్పాడు. అటువైపు పేరు: సంజయ్. హేమలత పక్క బల్ల మీద పనిచేసే తెలుగు కుర్రాడు.

కోపమొచ్చి పేరే తీయించుకుందనుకున్నాడు. అక్కడున్న నంబరుకి ఫోన్ చేశాడు.

“సంజయ్ బాబూ, నేను చంద్రపూర్ రాజాన్ని. మేడం నా మీద గుస్స అయ్యిందా? జర ఫోనియ్యి, మాఫీ అడుగుత.”

“కాకా... మీకెవ్వలు చెప్పలేదా? మేడం చనిపోయింది. రెండు వారాలాయె. శనివారం తెల్లారంగనే గుండెనొప్పి.”

కిటికీ అవతల బొగ్గు లారీ ఒకటి పోయింది. రాజం తెర మీద పొద్దున వచ్చిన ‘అందింది’ వైపు చూశాడు.

“మరి రోజూ అందింది అని...”

“నేనే కొడ్తున్న. కాయిదంల గట్లనే ఉంది గదా. గా దత్తు ఎవ్వడు కాకా? తీసెయ్యాల్నా?”

“పండుకున్నోన్ని తీసేసుడేంది? డిశ్చార్జ్ చెయ్యాలె. నేను చేస్త.”

“సరె. మేడం డ్రాయర్ల మీ దవాఖాన కాయిదాలుండె. కవర్లనే పెట్టిన.”

ఇంటికి తీసుకుపోయేవాళ్ల పేరు లేకుండా ఆ ఆసుపత్రిలో ఎవరికీ డిశ్చార్జ్ దొరకదు. ఆ శుక్రవారం తర్వాత మళ్లీ ఖాళీగానే వదిలేసిన ‘వెంట ఉండేవారు’ ఖానా దగ్గర రాజం వేలు ఆగిపోయింది. అడక్కుండా ఒకసారి రాసి చూశాడు, చాలు.

కవరు దులిపాడు. మూడు కాగితాలు జారాయి. దత్తు కేసు మొత్తం ఆమె చేతిరాతలో. పులి, చేపముల్లు, కాన్పు. చివరి వరస పెన్సిలుతో ఉంది, ఆ శుక్రవారం తేదీతో:

‘వెంట ఉండేది నేనే అంట. ఐతారం బస్సుకు చెప్పకుండ పోవాలె. పేషెంటు మొఖం చూడాలె.’

ఆ ఆదివారం రాజం రోజంతా గదిలోనే ఉన్నాడు. ఎవరూ రాలేదు. ఎప్పుడూ ఎవరూ రారు కనక అతనికేమీ తెలియలేదు.

ఖానాలో ఆమె పేరు కొట్టి, దత్తుని డిశ్చార్జ్ చేసి పంపాడు. రెండు నిమిషాల్లో ‘అందింది’ అని వచ్చింది.

“రాజం భావూ, డాక్టర్ సాబ్ దస్కతుకు కాయిదాలు తెమ్మంటుండు,” తలుపులోంచి ప్యూన్ అనంతరావు కేకేశాడు. “ఏంది, ఇయ్యాల నన్ను ఒక్క తిట్టన్న తిట్టకపోతివి?”

రాజం ఒప్పందం తీసుకుని లేచి అతని వెంట నడిచాడు. బల్ల మీద మూడు కాగితాలు మిగిలాయి. వాటిని కలిపి పట్టుకున్నది క్లిప్పు కాదు, ఆడవాళ్లు తలలో పెట్టుకునే నల్లపిన్ను. ఒక కాలు కొద్దిగా వంగి, పెన్సిలు రాత పక్కన సన్నగా తుప్పు గీత దింపి ఉంది.