పందిరికి చెప్పిన మాటలు

రోజూ మనిషి గొంతు వింటే ద్రాక్ష బాగా కాస్తుందని వైన్ కంపెనీవాళ్లు మా నాయినకు చెప్పారు. ఆయన తండాలో అందరి గొంతులూ గుర్తు చేసుకుని, చివరికి నన్ను ఎంచాడు. బడిలో హాజరు పలకడానికే నాకు నోరు పెగలదు.

“నీ గొంతు ఇంకా కొత్తగనే ఉన్నది, వాడలే” అన్నాడు.

బడి నుంచి రాగానే ద్రాక్ష పందిరి కింద నిలబడేదాన్ని. మొదట్లో పాఠాలు అప్పజెప్పాను. తర్వాత మనుషులకు చెప్పలేనివన్నీ చెప్పాను. కాపు విరగకాసింది. పక్క చేను కళావతమ్మ తన మిరపతోటలో కూడా కాసేపు మాట్లాడి పొమ్మని అడిగింది. నాయిన ఒప్పుకోలేదు.

“పిల్ల గొంతు పల్చనైతది అక్కా” అన్నాడు.

పది పాసయ్యాను. భద్రాచలంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదవడానికి సీటు వచ్చింది. చేరడానికి సోమవారం ఆఖరు. నాయిన మాత్రం, “నువ్వు పోతే పందిరితోని ఎవరు మాట్లాడతరు? ఇంకో ఏడాది ఆగు బిడ్డా” అన్నాడు. నేను తలూపాను.

శనివారం కంపెనీలో రుచి చూసే భాను సారు మా పండ్లతో చేసిన వైన్ తెచ్చాడు. నచ్చితేనే వచ్చే కాపు కొంటారు. మంచం మీద కూర్చుని ఒక గుక్క పుక్కిలించాడు.

“ముందు తడిమట్టి. వెనకాల జామకాయ. ఆ తర్వాత పదో తరగతి సాంఘికశాస్త్రం.”

“మంచిగ చదివిచ్చిన సార్” అన్నాడు నాయిన.

ఇంకో గుక్క. “నానమ్మ గురక.”

“నాకు గురకేంది?” అంది మా నానమ్మ పూలి. “మీ సీసాల ఉన్నదేమో చూసుకో.”

నేను తలుపు చాటు నుంచి వింటున్నాను. ఇక చాలు సార్ అని తలుపుతోనే అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

“అడుగున ఇంకోటి ఉంది. భద్రాచలం బస్సు. హాస్టలు. పోవాలని ఉంది, నాయినకు చెప్పొద్దు.”

నాయిన గ్లాసు లాక్కుని తాగాడు. చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

“గింత బాధ పెట్టుకున్నవా? నాకెందుకు చెప్పలే?”

“నువ్వు మధ్యల మాట్లాడతవ్ నాయినా” అన్నాను.

భాను సారు మూత బిగించాడు. “మా కంపెనీకి ఈ రుచే కావాలి జగదీష్. వచ్చే ఏడు కూడా ఇలాగే రావాలి.”

“గిది మల్ల రాదు సార్. పిల్ల సోమవారం పోతది” అన్నాడు నాయిన.

“మరి తీగలతో ఎవరు మాట్లాడతారు?”

“నేను లేనా” అంది నానమ్మ. “నా కోడలు సంగతి మొత్తం చెప్త.”

భాను సారు ఆమెను పరిశీలనగా చూసి, ఘాటు రకానికీ గిరాకీ ఉంటుందన్నాడు.

సోమవారం నా పెట్టె బస్సెక్కించాక నాయిన దిగిపోలేదు. పాల్వంచ దాటేదాకా తన చిన్నప్పటి సంగతులు చెబుతూనే ఉన్నాడు. అవి అమ్మకు కూడా తెలియవట.