గోడ మీది కాలువ

ముత్తయ్య గొంతుక్కూర్చుని గోడ అడుగున పొంగిన రంగును ఇనుప రేకుతో గీకుతున్నాడు. పెచ్చులు రాలి తడి మన్నులో అతుక్కుంటున్నాయి. ముక్కుకు రెండు మడతల తువ్వాలు, అందులో కర్పూరం బిళ్ల. అయినా ఉచ్చ కంపు కళ్లను మండించి గొంతులోకి దిగుతూనే ఉంది. గడ్డి బొమ్మ వేసిన చోట ఎవడో పాన్ ఉమ్మాడు. అది ఎండి, తోలులా ఊడొచ్చింది. తల పక్కకు తిప్పుకుని, రేకును మన్నులో తుడిచాడు.

మిర్యాలగూడలో ఈ ఫంక్షన్‌హాలు వెనక గోడకు అతను నెలకోసారి వస్తాడు. అయిదేళ్ల కిందట ఓనరు శ్యాంసుందర్ పిలిపించి చెప్పాడు.

"దేవుని బొమ్మలొద్దు. ఎవడన్న పోస్తే ఆ పాపం నాకు సుట్టుకుంటది. పచ్చగ సీనరీ ఎయ్యి. మంచిగుంటే జనమే సిగ్గుపడ్తరు."

అప్పటికి ఫ్లెక్సీలొచ్చి ముత్తయ్య బోర్డులు రాసే పని పోయింది. ఇంత పెద్ద గోడ జన్మలో ఎవరూ ఇవ్వలేదు. పన్నెండు రోజులు వేశాడు. పుట్టిన ఊరు అనంతగిరి పక్క పొలాలు, నాట్లేసిన మళ్లలో కొంగలు, సాగర్ కాలువ, అందులో ఒక బర్రె. బర్రె పక్కన, దాని పలుపు పట్టుకుని, చీర ఎగదోపుకుని నిలబడ్డ అమ్మ. జానెడు బొమ్మ. పరాయి బర్రెలు కాసి, ఏదో జ్వరంతో పోయిన మనిషికి ఫోటో ఎవరు తీయించారు? ఆమె పోయిన పాతికేళ్లకు, ఈ గోడ మీద, ముఖం ఎలాగో చేతికి దొరికింది. ఎడమ కన్ను కొంచెం చిన్నది, అచ్చం అలాగే.

జనం సిగ్గుపడలేదు. మొదటి వానాకాలానికే అమ్మ పాదాలు పెచ్చులూడాయి. మళ్లీ వేస్తే మళ్లీ ఊడాయి. అప్పటినుంచి బొమ్మలో కాలువ నీళ్లు పైకి జరుపుతూ వచ్చాడు. మోకాళ్లదాకా, తొడలదాకా. ఇప్పుడు నడుముదాకా వచ్చాయి. తను రాకపోతే బొమ్మ మొత్తం పోతుందని నెలనెలా వస్తున్నాడు. అన్నం తినేటప్పుడు వేళ్లకు అదే వాసన. ఏడాదిగా చెంచాతో తింటున్నాడు.

మధ్యాహ్నం లోపల పెళ్లి భోజనాలు మొదలయ్యాయి. బిర్యానీ వాసన వచ్చి ఈ కంపులో కలిసింది. తెల్లచొక్కా, మెడలో గొలుసు ఉన్న ఒకాయన పళ్లు కుట్టుకుంటూ వచ్చి అతని పక్కనే నిలబడ్డాడు.

"జర పక్కకు జరుగు పెద్దాయనా, మీద పడ్తది."

"లోపల బాత్రూములున్నయి గదా సార్."

"గాడ లైనున్నది. అయినా ఇది దేవుడా ఏంది? బర్రె బొమ్మే గదా."

ధార నేరుగా ఎర్ర చీర మీద పడింది. ఆయన తల వంచి చూసి నవ్వాడు. "కాల్వలనే నిలవడ్డది గదా, ఇంకిన్ని నీళ్లు."

ముత్తయ్య చెయ్యి మీద పడిన తుంపర్లను చూస్తూ ఉండిపోయాడు. ఏడేళ్లప్పుడు అదే కాలువలో ఉచ్చ పోశాడని అమ్మ వీపు మీద చరిచింది. "గంగమ్మ తల్లిరా, అందుల పొయ్యొద్దు" అని అతని చేతనే నీళ్లకు దండం పెట్టించింది. అలాంటి అమ్మను తెచ్చి ఇక్కడ నిలబెట్టింది ఎవరు? ఈ ఉచ్చ పోసేవాళ్లా? తనే. గోడ మీదున్న రోతంతా ఒక్కసారిగా తన మీదికి తిరిగింది.

ఆయన వెళ్లాక బకెట్‌తో నీళ్లు తెచ్చి ఆ చోటు రెండుసార్లు కడిగాడు. ఆరేదాకా ఎండలో కూర్చున్నాడు. తర్వాత పచ్చరంగు కలిపి, బ్రష్ ముంచి, నడుము దగ్గర మొదలుపెట్టాడు. చీర పోయింది, చేతులు పోయాయి. ముఖం దగ్గర బ్రష్ ఆగింది. బొటనవేలి గోరంత ముఖం. తువ్వాలు విప్పి, అంత కంపులోనూ ఒకసారి నిండా ఊపిరి పీల్చుకుని, ఒక్క గీతతో కప్పేశాడు.

సాయంత్రం శ్యాంసుందర్ చూడ్డానికి వచ్చాడు. "ఆడామె ఏదయ్యా?"

"తీసేసిన సార్."

"ఎందుకు? మంచిగుండె గద."

"మీ గోడకాడ ఆమెకేం పని సార్? ఇగ నేను గూడ రాను. వేరేటోన్ని సూస్కోన్రి."

సబ్బుతో మోచేతులదాకా చేతులు కడుక్కున్నాడు. డబ్బాలు సైకిలుకు తగిలించుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటాడు.

గోడ మీద ఆరని పచ్చరంగు ముందు బర్రె ఒక్కతే నిలబడి ఉంది. అతను కప్పడం మరిచిన పలుపు దాని మెడ నుంచి పైకి లేచి, ఎవరో గట్టిగా పట్టుకున్నట్టే, ఖాళీలో బిగుసుకుని ఉంది.