నాలుగో అంతస్తుకు నీళ్ళు

ఫ్రిజ్ చప్పుడు టక్కున ఆగిపోయింది. ఆ వెంటనే వంటగది కుళాయి ఒక్కసారి దగ్గి, రెండు చుక్కలు కక్కి, ఊరుకుంది.

మస్తూరా చేతిలో బియ్యం గిన్నె ఉంది. బియ్యం ఇంకా కడగనే లేదు.

మర్గిలాన్ పట్నంలోని ఆ పాత భవనంలో కరెంటు పోతే నేలమాళిగలో మోటారు ఆగుతుంది. మోటారు ఆగితే పై అంతస్తులకు చుక్క నీరెక్కదు. మామూలు రోజైతే రొట్టె నమిలి, పుచ్చకాయ కోసుకుని గడిపేస్తారు. కానీ ఈ మధ్యాహ్నం వియ్యాలవారు వస్తున్నారు. కూతురు నిగోరా పెళ్ళయ్యాక వియ్యపురాలు హుర్మతాయ్ ఈ గడప తొక్కడం ఇదే మొదలు. ఆవిడ మర్యాదలను భూతద్దంలో పెట్టి చూస్తుందని పెళ్ళిలోనే ఎవరో మస్తూరా చెవిన వేశారు. ఇవాళ ఏ లోటు జరిగినా, ఆ దెప్పు నిగోరా జన్మంతా వినాలి.

"ఫోన్ చేసి రేపు రమ్మందామా?" అన్నాడు భర్త తుర్సున్‌బాయ్. మాంసం, క్యారెట్లు వేసి చేసే పలోవ్ అన్నం వండడం మగవాడి పని అని పొద్దుటి నుంచీ కత్తి పట్టుకుని క్యారెట్ల మీద యుద్ధం చేస్తున్నాడు.

"వియ్యాలవాళ్ళని రావద్దని చెప్పిన ఇల్లు ఎక్కడైనా ఉందా? క్యారెట్లు తరగ్గానే సరిపోదు, కాస్త బుర్ర కూడా ఉండాలి."

"ఆ బుర్రేదో నీకుంటే నిన్ననే బకెట్లు నింపి పెట్టుకునేదానివి కదా!"

"మీకూ రెండు చేతులిచ్చాడు దేవుడు. సరే గానీ, చేతులు కడుక్కోవడానికైనా నీళ్ళుండాలి. బియ్యానికి, టీకి..."

తుర్సున్‌బాయ్ కత్తి కింద పెట్టాడు. "కింద నీళ్ళు వస్తుంటాయి. మోటారు లేకపోయినా వాళ్ళకి సన్నధార ఆగదు."

కింద ఉన్నవి రెండే ఇళ్ళు. ఒకదానికి తాళం. రెండోది రిసోలత్‌ది.

మూడేళ్ళ క్రితం మస్తూరా బాల్కనీలో తివాచీ ఉతికింది. ఆ మురికినీళ్ళన్నీ కింద రిసోలత్ ఎండబెట్టిన ఆప్రికాట్ల మీద పడ్డాయి. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని కింద నుంచి కేక. "పురుగులు పట్టిన పళ్ళు ఉచితంగా కడిగిపెట్టాను, సంతోషించు!" అని పైనుంచి జవాబు. అంతే. అప్పటి నుంచి మెట్ల మీద ఎదురుపడినా సలాం లేదు.

"నేను వెళ్ళనా?" అన్నాడు తుర్సున్‌బాయ్ భయం భయంగా.

"మీరు కాదు. ఆ మాట అన్నది నేను."

పొద్దున కాల్చిన రొట్టె ఒకటి గుడ్డలో చుట్టింది. వట్టి చేతులతో ఎవరి తలుపూ తట్టకూడదు. రెండు బకెట్లు కూడా పట్టుకుంది. నాలుగంతస్తులూ దిగి, బకెట్లను మెట్ల మూల దాచింది. వస్తూనే అవసరం చూపించడం మర్యాద కాదు. ముందు టీ తాగాలి, కుశలం అడగాలి, ఆ తర్వాతే పని.

రిసోలత్ తలుపు తీసింది. భారీ మనిషి. రొట్టెను చూసింది, మస్తూరా ముఖం చూసింది. పక్కకు తప్పుకుంది.

మస్తూరా పరుపు మీద కూర్చుంది. రిసోలత్ టీ కూజా తెచ్చి, పియాలా ముందు పెట్టింది.

ఇక అంతా ఆ కూజా మూతిలోనే ఉంది. గౌరవించే అతిథికి పియాలాలో అడుగున కొంచెమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోసి కూర్చోబెట్టుకోవచ్చని. అంచుదాకా నింపితే అర్థం ఒక్కటే: తాగి దయచెయ్యి.

కూజా వంగింది. పావు నిండింది. ఇక ఆపాలి. ఆపలేదు. సగం. ముప్పావు. టీ అంచుదాకా వచ్చి నిలిచింది.

మస్తూరా లేచి నిలబడింది. "అర్థమైంది రిసోలత్. వెళ్తున్నాను."

"ఏం అర్థమైంది నీ తలకాయ?" మూడేళ్ళ తర్వాత రిసోలత్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. "పెదాలు ఎండి అట్టలు కట్టాయి. పొద్దుటి నుంచీ గుక్క నీళ్ళు తాగినట్టు లేవు, ఇప్పుడు మీ ఇంట్లో చుక్కే లేదు. దాహంతో వచ్చినదానికి బొట్టుబొట్టుగా పోసి మర్యాదలు చెయ్యమంటావా? కూర్చో! మొత్తం తాగు!"

మస్తూరా కూర్చోలేదు, కూలబడింది. గటగటా తాగింది. నవ్వో ఏడుపో తెలియనిదేదో వచ్చి పొలమారింది.

"రిసోలత్, ఆ ఆప్రికాట్లు..."

"వాటికి నిన్ను తీరిగ్గా తిడతాను. ఇవాళ టైం లేదు. మెట్ల మూల దాచిన బకెట్లు తీసుకురా పో. కిటికీలోంచి చూడలేదనుకున్నావా?"

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. మోకాళ్ళ నొప్పులతో బకెట్లు మోసే ఓపిక ఇద్దరిలో ఎవరికీ లేదు. తుర్సున్‌బాయ్ బాల్కనీ నుంచి తాడు వదిలాడు. రిసోలత్ బకెట్ కట్టి, "లాగు బావా!" అని అరిచింది. బకెట్ ఊగుతూ లేచింది. రెండో అంతస్తు దాటింది. మూడో అంతస్తులో బట్టలారేసే కమ్మీ బయటికి పొడుచుకు వచ్చి ఉంది.

సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. కొత్త పట్టుగౌనులో హుర్మతాయ్, వెనక పుచ్చకాయ చంకన పెట్టుకుని వియ్యంకుడు, నేరుగా బాల్కనీ కిందికే వచ్చారు.

"ఆగండీ!" అని మస్తూరా అరిచింది.

ఆ కేక పైన తుర్సున్‌బాయ్‌కి 'లాగండీ' అని వినిపించింది. ఇంకా గట్టిగా లాగాడు. బకెట్ కమ్మీకి తగిలి బోర్లా పడింది. హుర్మతాయ్ నెత్తి నుంచి పాదాల దాకా తడిసి ముద్దయింది.

ఖాళీ బకెట్ తాడుకు వేలాడుతూ పైకి వెళ్ళింది.

"నిగోరా వాళ్ళమ్మా!" పైనుంచి తుర్సున్‌బాయ్ గొంతు. "ఖాళీ బకెట్ ఎందుకు పంపావు?"

మొదట వియ్యంకుడు నవ్వాడు. పుచ్చకాయ కింద పెట్టి మరీ నవ్వాడు. హుర్మతాయ్ అతనివైపు కొరకొరా చూసింది. అయిపోయింది, నిగోరా బతుకు అయిపోయింది అనుకుంది మస్తూరా.

"దారి పొడవునా ఈ గౌను గురించే పోట్లాట మాకు," అంది హుర్మతాయ్, ముఖం మీది నీళ్ళు తుడుచుకుంటూ. "ఆడంబరం ఎక్కువైందంటాడీయన. మీ ఇంటికి ఇంతకంటే తక్కువలో ఎలా వస్తానంటాను నేను. 'మా అమ్మ చచ్చినా ఎవర్నీ ఏమీ అడగదత్తయ్యా' అంటుంది మీ అమ్మాయి. అంత గొప్పింటికి వెళ్తున్నానని నిన్నటి నుంచీ నాకు అన్నం సయించలేదు వదినా!"

"గొప్పా?" అంది రిసోలత్. "ఇప్పుడే నా ఇంటికి నీళ్ళకోసం వచ్చి, మెట్ల మూల బకెట్లు దాచింది!"

హుర్మతాయ్ మస్తూరాను చూసింది. ఆ చూపులో బెట్టు కరిగిపోయింది. పకపకా నవ్వేసింది. నవ్వీ నవ్వీ మస్తూరా భుజం పట్టుకుని నిలబడింది. మస్తూరా సగం తడిసిపోయింది.

కాసేపటికి హుర్మతాయ్, రిసోలత్ ఇచ్చిన వెడల్పాటి పూలగౌను తొడుక్కుని, చేతులు పైకి మడిచి, ఆ ఇంటి కుళాయి సన్నధార కింద ఆ ఇంటి బియ్యమే కడుగుతోంది. వద్దంటే వినలేదు. "ఈ మోకాళ్ళతో నాలుగంతస్తులు ఎక్కలేను. నీళ్ళున్నచోటే వంట," అని తీర్పు చెప్పేసింది.

మస్తూరా వాకిట్లోకి వచ్చి తలెత్తింది. "నిగోరా నాన్నా! డేగిశా, మాంసం, క్యారెట్లు అన్నీ కిందకి తెండి! భోజనాలు ఇక్కడే!"

"ఇక్కడ అంటే ఎక్కడ?"

"రిసోలత్ ఇంట్లో!"

బాల్కనీలో తల కనిపించింది. నోరు తెరుచుకుని ఉంది. "ఎవరింట్లో? ఇంకోసారి చెప్పు!"

మస్తూరా రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టి, భవనం మొత్తానికీ వినబడేలా ఇంకోసారి చెప్పింది.