చుక్కకూర ఉప్పు సీసా

అద్దకం షెడ్డులో పుర్రె గుర్తున్న సీసా ఖాళీగా దొరికేసరికే, పక్కనున్న చర్చి ఆవరణలో ప్రేమవిందుకు విస్తళ్లు వేసేశారు.

సీసాను ముందుగా చూసింది నేతగాడు మారెప్ప. చీటీ చదివింది అతని కూతురు ప్రేమలత. ఆదోనిలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతుంది. తాతల నాటి సీసా, తాతల నాటి పేరు: సాల్ట్ ఆఫ్ సారెల్. పోయిన ఆదివారమే ఆమె ఆ పేరు కథను అందరికీ నవ్వుతూ చెప్పింది. వెనకటి రసాయనవేత్తలు ఒక పదార్థాన్ని ఏ మొక్క నుంచి తీస్తే ఆ మొక్క పేరే తగిలించేవారు. అనిలిన్ అన్న మాటలో ఉన్నది మన నీలిమందు మొక్కే. సారెల్ అంటే చుక్కకూర జాతి. ఆ పుల్లాకుల రసం కాచి తీశారు కాబట్టి ఇది చుక్కకూర ఉప్పు. ఇప్పటి పేరు పొటాషియం హైడ్రోజన్ ఆక్సలేట్. పేరు పెరిగింది గానీ విషం తగ్గలేదు. బట్ట మీది తుప్పు మరకను మాత్రం ఇట్టే తీసేస్తుంది.

విన్నవాళ్లకు మరక సంగతి గుర్తులేదు. విషమూ చుక్కకూరా మిగిలాయి. ఈ రోజు కృపమ్మ వండింది చుక్కకూర పప్పే.

ఆకు చాలక సీసా గుమ్మరించిందేమోనని ఎవరో గొణిగారు. వరసలన్నీ లేచాయి. ఒకామెకు తినకముందే కడుపునొప్పి మొదలైంది.

ఎమ్మిగనూరులో సగం పెళ్లిళ్లకు కృపమ్మదే వంట. ఈ డేగిసాలో పప్పు మురిక్కాలవ పాలైతే ఇక ఆమెను పిలిచేవాళ్లుండరు.

"నా సేతి పప్పు తిని యాడన్నా ఒకరు సచ్చినారాప్పా?" అంది గరిటె దించకుండా.

"ఆ మొదటోడు నేను గాకూడదనే గదక్కా," అన్నాడు ముందు వరసలోంచి లేచిన ఈరప్ప, విస్తరి మడిచేస్తూ.

మరక సంగతి మరిచిపోని ప్రేమలత చర్చిలోకి వెళ్లింది. ప్రసంగ పీఠం మీద తండ్రి నేసిచ్చిన కొత్త తెల్లగుడ్డ ఒక మూల ఇంకా తడిగా ఉంది. దీన్నెవరు ఉతికారని బయటికొచ్చి అడిగింది. అప్పటికే ఇద్దరు పారబోయడానికి డేగిసా ఎత్తారు.

పాస్టరు ప్రేమ్ కుమార్ గొంతు మైకు లేకుండానే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఇప్పుడు మాత్రం దగ్గరున్నవాళ్లకే వినిపించింది.

"దించండప్పా. ఆ సీసా ఖాళీ చేసింది నేనే. నిన్న గుడ్డను ఇనప మేకుకు తగిలించినాను, తుప్పు మరక పడింది. మారెప్పన్న అంత కష్టపడి నేసినాడే, ఆయన మొగం ఎట్ల సూసేది? ఈ పొద్దు తెల్లారే ఈ పాప సెప్పిన ఉప్పు తెచ్చి రుద్దినాను, పోయింది. మొదలే సెప్పాల్సింది. పొద్దున్నే దొంగతనం మీద ప్రసంగం జేసిన నోరు, ఎట్ల తెరుచుకుంటాది? కృపమ్మా, మొదటి గరిటె నా విస్తట్లో పొయ్యి. నిండుగా పొయ్యి."